ఆడవాళ్లని అందం బట్టి కాకుండా గుణం బట్టి చూడటం ఎలా, రోజూ చేసే పనుల్లోనే

మనిషికి అందం కాదు గుణం ముఖ్యం అని ఎవర్నడిగినా చెప్తారు, అందులో ఎవరికీ డౌట్ లేదు. కానీ అదే మనిషి ఫోన్లో ఎవరిదో ఫొటో కనపడగానే "అయ్యో ఈవిడేంటి ఇలా అయిపోయింది, ఇదివరకు ఎంత బాగుండేది" అంటాడు, లేదా అంటుంది, ఈ విషయంలో ఆడా మగా తేడా ఏం లేదు. అందుకని అందం గొప్పదా గుణం గొప్పదా అనే డిబేట్ నేను పెట్టట్లేదు. గుణం చూడాలని ఆల్రెడీ అనుకుంటూ, అయినా నోరు వేరే దారిన పోతోందని గమనించుకున్నవాళ్లు ఏమేం మార్చుకోవచ్చో రాస్తున్నా, అంతే.

ముందు ఒకటి ఒప్పేసుకుందాం, కన్ను ముందు రూపాన్నే చూస్తుంది, దాన్ని ఆపలేం. 2006లో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ అనే ఇద్దరు సైకాలజీ వాళ్లు ఒక ప్రయోగం చేశారు, ముఖాన్ని సెకనులో పదో వంతు చూపిస్తే చాలు, జనం ఈ మనిషిని నమ్మొచ్చా, పనిమంతుడా కాదా అని ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకొంచెం ఎక్కువసేపు చూపిస్తే ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు గానీ దానిమీద నమ్మకం మాత్రం పెరిగింది. నాకు భయం వేసేది ఆ చివరి ముక్క చూస్తేనే, కొత్తగా తెలిసింది ఏమీ లేకుండానే ధీమా పెరిగిపోతోంది అన్నమాట.

ఇంకోటి ఏంటంటే, రూపం చూసి వచ్చిన మార్కులు మిగతా సబ్జెక్టుల్లోకి కూడా పాకుతాయి. 1920లోనే అమెరికా సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ సంగతి పట్టుకున్నాడు, ఆర్మీ ఆఫీసర్లు తమ కింద ఉన్నవాళ్లకి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక ఇలా విడివిడిగా మార్కులు వేస్తే అవన్నీ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఒకదాన్నొకటి అనుసరిస్తున్నాయి, ఒకదాంట్లో బాగున్నోడు అన్నిట్లో బాగున్నట్టు. దానికే హేలో ఎఫెక్ట్ అని పేరొచ్చింది. తర్వాత 1972లో డయాన్, బెర్షీడ్, వాల్‌స్టర్ ముగ్గురు కలిసి ఫొటోలు చూపించి అడిగితే, అందంగా ఉన్నవాళ్లకి మంచి స్వభావం ఉంటుంది, మంచి ఉద్యోగం వస్తుంది, సంసారం కూడా బాగుంటుంది అని జనం ఊహించేశారు, చేతిలో ఉన్నది ఒక్క ఫొటో! అయితే ఇది అందంగా లేనివాళ్లకే దెబ్బ అనుకోకండి. అందంగా ఉన్న అమ్మాయి ప్రమోషన్ తెచ్చుకుంటే వెనక ఏం మాట్లాడుకుంటారో అందరికీ తెలిసిందే, ఆమె రాత్రులు కూర్చుని చేసిన పని ఎవరికీ కనపడదు, మొహం ఒక్కటే కనపడుతుంది. రెండు రకాల వాళ్లూ నష్టపోతున్నారు, ఒకళ్లకి పని కనపడకముందే మార్కులు తీసేస్తారు, ఇంకొకళ్లకి పని కనపడినా దాన్ని అందం ఖాతాలో రాసేస్తారు.

సరే, కన్ను ఆగదు కాబట్టి మనం మార్చాల్సింది ఆ తర్వాత చేసే పనుల్ని. అన్నిటికంటే ఈజీగా దొరికేది నోరు, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

కొన్నాళ్లు ఏమీ మార్చకుండా ఊరికే వినండి, మీ మాటలు మీరే. ఒక ఆడమనిషిని చాలారోజుల తర్వాత కలిసినప్పుడు మీ నోట్లోంచి వచ్చే ఫస్ట్ మాట ఏంటి? "ఏంటి ఇలా చిక్కిపోయావ్", "కొంచెం ఒళ్లు చేశావే", "జుట్టేంటి అలా రాలిపోయింది", "రంగు తగ్గావ్ ఎండలో తిరుగుతున్నావా". ఇవన్నీ ప్రేమగానే అంటాం, బాధపెట్టాలని కాదు. కానీ అవతల ఏం జరుగుతుందో చూడండి. ఒకావిడ ఆర్నెల్లు ఏదో జబ్బుతో తిండి సయించక పది కిలోలు తగ్గి, ఇప్పుడిప్పుడే బయటికొచ్చి నలుగుర్లో నిలబడితే, వచ్చిన ప్రతి ఒక్కళ్లూ "వావ్ సూపర్ స్లిమ్ అయ్యావ్, సీక్రెట్ ఏంటి" అంటారు. ఆవిడ నవ్వుతుంది, ఏం చెప్పాలి మరి, అక్కడ నిలబడి మెడికల్ రిపోర్ట్ చదవలేదు కదా. ఆ రోజు ఆవిడకి అర్థమయ్యేది ఒకటే, నేను బతికి బయటపడ్డానా లేదా అన్నది వీళ్లకి అక్కర్లేదు, సన్నబడ్డానా లేదా అన్నదే లెక్క.

కాబట్టి రూల్ సింపుల్, మనిషి కలవగానే శరీరం గురించి మొదటి మాట వద్దు. పొగడ్త అయినా వద్దు. దాని ప్లేస్‌లో ఏం పెట్టాలి అంటే, గుర్తుపెట్టుకుని అడిగేది ఏదైనా. "పోయినసారి ఏదో కోర్సులో చేరతానన్నావ్ కదా, ఏమైంది?" "మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది, ఒక్కదానివే చూసుకున్నావంట కదా?" ఇలా అడగాలంటే పోయినసారి ఆమె చెప్పింది మనం విని ఉండాలి, అసలు కష్టం అక్కడుంది. చాలామంది అందం గురించే మాట్లాడేది అందం మీద పిచ్చితో కాదు, వేరే ఏమీ తెలియక. మనిషి గురించి ఏమీ తెలియకపోతే కంటికి ఎదురుగా ఉన్నదే మాట్లాడతాం కదా.

మెచ్చుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. "నువ్వు గ్రేట్", "సూపర్ ఉమన్", "మీలాంటి వాళ్లు ఉండాలండి" ఇలాంటివి గాల్లో పోతాయి, అందం మీద పొగడ్తకీ వీటికీ పెద్ద తేడా లేదు, రెండూ ఆలోచించకుండా ఇచ్చేవే. పనికొచ్చే మెచ్చుకోలులో ఆమె ఏం చేసింది, అది ఎందుకు కష్టం, దాని వల్ల ఏమైంది, ఈ మూడూ ఉంటాయి. ఉదాహరణకి "నిన్న మీటింగ్‌లో ఆయన గొంతు పెంచినా మీరు పెంచలేదు, మళ్లీ అదే లెక్క ముందు పెట్టారు, దాంతో మాకు ఇంకో రెండు వారాలు టైమ్ దొరికింది" అని చెప్పి చూడండి. లేదా "నీ తప్పే అని ముందుగా నువ్వే చెప్పేశావ్ చూడు, దాంతో మిగతావాళ్లు కూడా దాచుకోకుండా చెప్పారు". ఇలా ఒకసారి చెప్తే ఆ మనిషి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది.

అంటే "ఈ డ్రెస్ నీకు బాగుంది" అని ఇంక జన్మలో అనకూడదా? అనొచ్చు అండి బాబూ. దగ్గరివాళ్లతో, సందర్భం చూసుకుని, ఆమె ఇష్టపడి తయారైన రోజు అంటే తప్పేం లేదు, నేను కూడా అంటాను. ఇబ్బంది ఎక్కడంటే, ఆమె అరగంట ప్రెజెంటేషన్ ఇచ్చి కిందకి దిగగానే "ఈ రోజు భలే ఉన్నారు మేడమ్" అనడం. అరగంట చెప్పింది మొత్తం ఆ ఒక్క మాట తుడిచేస్తుంది. పరిచయం లేని ఆవిడ ఫొటో కింద, ఆఫీసులో, పని గురించి మాట్లాడుతున్న చోట రూపం ఊసే తేవొద్దు, మంచిగా కూడా తేవొద్దు.

మాట సరిచేసుకున్నారు అనుకోండి, తర్వాత ప్రశ్న గుణం అంటే ఏం చూడాలి, ఎక్కడ చూడాలి. ఇక్కడే చాలామంది గోతిలో పడతారు, కొంచెం ఎక్కువసేపు మాట్లాడుకుందాం.

ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి మంచి గుణం అంటే మాటకి ఎదురు చెప్పకపోవడం, గట్టిగా నవ్వకపోవడం, చీకటి పడకముందే ఇంటికి రావడం, అందరికీ పెట్టి తను ఆఖర్న తినడం, ఇలా ఒక లిస్టు తయారై ఉంటుంది. ఆ లిస్టు పట్టుకుని "నేను అందం చూడను, గుణమే చూస్తాను" అనేవాళ్ల దగ్గర ఉండటం కంటే, అందం చూసేవాళ్ల దగ్గర ఉండటమే నయం అనిపిస్తుంది నాకు ఒక్కోసారి. ఎందుకంటే అందులో గుణం ఏమీ లేదు, పక్కవాళ్లకి సౌకర్యంగా ఉండటం ఉంది అంతే. దీనికి టెస్ట్ ఏంటంటే, అదే లక్షణం మగవాడిలో ఉంటే మీరు దాన్ని గొప్ప గుణం అంటారా? నిజాయితీ అంటారు, మాట మీద నిలబడటం అంటారు, ధైర్యం, ఓర్పు, దయ అంటారు. "మా వాడు అస్సలు ఎదురు మాట్లాడడు, గట్టిగా నవ్వడు" అని మగవాడి గురించి గొప్పగా ఎవరూ చెప్పుకోరు. మగవాడిలో లెక్కలోకి రానిది ఆడమనిషిలో కూడా లెక్కలోకి తీసుకోకండి.

మరి చూడాల్సినవి? తనకంటే కింద ఉన్నవాళ్లతో, తనకి ఏ రకంగానూ పనికిరానివాళ్లతో ఎలా మాట్లాడుతోంది. తప్పు చేసినప్పుడు ఏం చేస్తోంది, ఒప్పుకుంటోందా, పక్కవాళ్ల మీదకి తోస్తోందా. పదిమంది చేసిన పనికి పేరొస్తే ఎవరి పేర్లు చెప్తోంది. చిన్న మాట ఇచ్చినా, రేపు పంపిస్తా అన్న చిన్న ఫైల్ అయినా, పంపిస్తోందా. కోపం వచ్చినప్పుడు ఎక్కడ ఆగుతోంది. అందరూ అవునంటున్న చోట తనకి కాదనిపిస్తే కాదనగలుగుతోందా. ఈ ఆఖరిది ముఖ్యంగా చూడండి, ఎందుకంటే మీకు కూడా ఎప్పుడో కాదు అంటుంది, ఆ రోజు మీకు నచ్చదు, ఆ రోజే మీరు నిజంగా గుణం చూస్తున్నారో లేదో బయటపడుతుంది. ఇవేవీ ఒక్కరోజులో తెలిసేవి కావు. కాబట్టి తీర్పు కొంచెం లేట్ చేయడం నేర్చుకోవాలి, "ఇంకా తెలియదు" అని మనసులో అనుకుని ఊరుకోవడం.

దీని పక్కనే ఇంకో చిన్న విషయం, గుణం చూడటం అంటే దేవతని చేయడం కాదు. ఆడవాళ్లలో కూడా బద్ధకస్తులు, అబద్ధాలకోర్లు, పక్కవాళ్ల పని తనదని చెప్పుకునేవాళ్లు ఉంటారు. అలాంటావిడ మీద మీకు నమ్మకం పోతే పోవచ్చు, కానీ పోయింది ఆవిడ చేసిన పని వల్ల అయి ఉండాలి, తిట్టేటప్పుడు కూడా ఆ పనినే తిట్టాలి. కోపం రాగానే మొహం మీదకీ లావు మీదకీ వెళ్లిపోయేవాళ్లని చూస్తాం కదా, వాళ్లు అంతవరకూ చూపించిన గౌరవం అంతా ఉత్తిదే అని ఆ ఒక్క తిట్టుతో తెలిసిపోతుంది.

మనం ఏదన్నా అనేముందు మగవాడి పేరు పెట్టి చూసుకోవడం నాకు తెలిసి అన్నిటికంటే త్వరగా పనిచేసే చిట్కా. 2014లో ఆస్ట్రేలియాలో కార్ల్ స్టెఫనోవిచ్ అనే టీవీ యాంకర్ ఒక విషయం బయటపెట్టాడు, ఏడాది పాటు దాదాపు రోజూ ఒకటే నీలం సూట్ వేసుకుని ప్రోగ్రామ్ చేశాడట, చూసేవాళ్లలో ఒక్కళ్లు కూడా అడగలేదు. పక్కన కూర్చునే లీసా విల్కిన్సన్‌కి మాత్రం వేసుకున్న ప్రతి డ్రెస్ మీదా కామెంట్లు. 2013లో టెన్నిస్ ప్లేయర్ మరియోన్ బర్తోలీ వింబుల్డన్ ఫైనల్ గెలిచిన రోజు రేడియోలో ఒక ప్రెజెంటర్ ఆమె పెద్ద అందగత్తె కాదన్నట్టు మాట్లాడాడు, తర్వాత బీబీసీ సారీ చెప్పాల్సొచ్చింది. 2018లో ఆడవాళ్లకి మొట్టమొదటిసారి బాలన్ డి'ఓర్ అనే పెద్ద ఫుట్‌బాల్ అవార్డు ఇచ్చినప్పుడు అది అందుకున్న ఆడా హెగర్‌బర్గ్‌ని స్టేజ్ మీద ట్వర్క్ (నడుము ఊపుతూ చేసే డాన్స్) చేయడం వచ్చా అని అడిగారు, ఆమె "నో" అని పక్కకి తిరిగింది. 2017లో క్రికెటర్ మిథాలీ రాజ్ ఫొటోలో చంకల దగ్గర చెమట కనిపిస్తోందని ఎవరో వెక్కిరిస్తే, గ్రౌండ్‌లో ఆ చెమట చిందించే ఇక్కడిదాకా వచ్చానని జవాబిచ్చింది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటైనా ఒక మగ ప్లేయర్ పేరుతోనో మగ యాంకర్ పేరుతోనో మళ్లీ చదవండి, నవ్వొస్తుంది.

రోజాలిండ్ ఫ్రాంక్లిన్ అనే సైంటిస్ట్ సంగతి అయితే నవ్వొచ్చేది కాదు. డీఎన్ఏ ఆకారం తేలడానికి పనికొచ్చిన ఎక్స్‌రే ఫొటో, ఫొటో 51 అంటారు దాన్ని, 1952లో ఆమె దగ్గర పనిచేసే స్టూడెంట్ రేమండ్ గోస్లింగ్ తీశాడు. ఆమె 1958లో 37 ఏళ్లకే చనిపోయింది, 1962లో ఆ డీఎన్ఏ పనికి నోబెల్ ముగ్గురు మగవాళ్లకి వచ్చింది. 1968లో అందులో ఒకడైన జేమ్స్ వాట్సన్ రాసిన జ్ఞాపకాల పుస్తకంలో ఆమె లిప్‌స్టిక్ వేసుకోకపోవడం గురించీ బట్టల మీద శ్రద్ధ లేకపోవడం గురించీ వ్యాఖ్యలున్నాయి. సమాధానం చెప్పడానికి ఆమె లేదు. అదే పుస్తకం చివర్లో ఆయనే, ఆమె గురించి తన మొదటి అభిప్రాయాలు చాలాసార్లు తప్పు అని రాసుకున్నాడు. అంత తెలివైనవాడికే మొదటి చూపు అలా మోసం చేసింది, మనమెంత.

ఆఫీసులో మనుషుల్ని తీసుకునే స్థానంలో ఉన్నవాళ్లు మంచి ఉద్దేశం మీద ఆధారపడొద్దు, పద్ధతి పెట్టుకోండి. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు చాలావరకు 1970, 80ల్లో ఆడిషన్‌కి తెర కట్టడం మొదలుపెట్టాయి, వాయించేది ఎవరో జడ్జిలకి కనపడదు. కొన్నిచోట్ల నడిచొచ్చేటప్పుడు హీల్స్ చప్పుడు వినపడకుండా కింద కార్పెట్ కూడా వేశారు, చూడండి ఎంతదాకా ఆలోచించారో. అక్కడి టాప్ ఐదు ఆర్కెస్ట్రాల్లో 1970లో ఆడవాళ్లు 5 శాతం లోపే, 1997 నాటికి 25 శాతం. మొత్తం తెర వల్లే అని చెప్పలేం, వేరే మార్పులు కూడా వచ్చాయి, క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌస్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 2000లో దీనిమీద స్టడీ రాసినప్పుడు తెర పాత్ర కూడా ఉందని చెప్పారు. మనకి తెర కట్టడం కుదరకపోవచ్చు గానీ రెజ్యూమెలో ఫొటో తీసేసి చూడొచ్చు, అందర్నీ అవే ప్రశ్నలు అదే వరసలో అడగొచ్చు, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు రాసి పక్కన పెట్టొచ్చు. "ప్రెజెంటబుల్‌గా ఉంది" అని ఎవరైనా రాస్తే ఆ ఉద్యోగానికి అదెందుకు కావాలో పక్కనే రాయమనండి, చాలాసార్లు అక్కడే కొట్టేస్తారు. కొత్తగా చేరిన ఆమెని పరిచయం చేసేటప్పుడు "మా టీమ్‌కి గ్లామర్ వచ్చింది" లాంటి జోకు వద్దు, ఏం పని చేసి వచ్చిందో చెప్పండి.

జీవిత భాగస్వామిని వెతుక్కునే విషయంలో మాత్రం నేను ఆకర్షణ వద్దు అని చెప్పను, అది అబద్ధం అవుతుంది, ఇష్టం లేని మనిషితో గుణం చూసి బతికేయమంటే ఇద్దరికీ అన్యాయమే. కాకపోతే ఆకర్షణ చెప్పలేని విషయాలు కొన్ని ఉన్నాయి, డబ్బు విషయంలో ఎలా ఉంటుంది, గొడవైతే మాట్లాడుకుంటుందా మూగనోము పడుతుందా, జబ్బు చేస్తే ఎలా ఉంటుంది. ఇవి తెలియాలంటే అందంగా తయారై కలిసే చోట కాకుండా బోరు కొట్టే పనుల్లో, ప్లాన్ తప్పిన రోజుల్లో కలవాలి, ఆలస్యమైన ప్రయాణం, క్యూలో గంటసేపు నిలబడటం లాంటివి. మీ వంతు కూడా అక్కడే వస్తుంది, ఆమె కూడా మీ గుణం చూస్తుంటుంది, అది మర్చిపోకండి.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇది ఇంకా ముందే మొదలుపెట్టాలి. 1998లో బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే సైకాలజిస్ట్ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ స్టూడెంట్స్‌ని ఒక్కొక్కళ్లనే గదిలోకి పంపి, కొందరికి స్విమ్‌సూట్, కొందరికి స్వెటర్ ఇచ్చి, వేసుకుని అద్దంలో చూసుకోమన్నారు, ఆ బట్టల్లోనే లెక్కల పరీక్ష పెట్టారు. గదిలో ఇంకెవరూ లేరు, చూసేవాళ్లు లేరు. అయినా స్విమ్‌సూట్‌లో ఉన్న అమ్మాయిలు స్వెటర్ వేసుకున్న అమ్మాయిల కంటే తక్కువ చేశారు, అబ్బాయిల్లో ఆ తేడా రాలేదు. నేను ఎలా కనపడుతున్నాను అనే ఆలోచన బుర్రలో సగం తినేస్తే లెక్కలకి మిగిలేది ఎంత మరి? కాబట్టి పాపని చూడగానే "బుజ్జి ఎంత ముద్దుగా ఉందో" రోజుకి పదిసార్లు వినిపిస్తుంటే, దానికి సమానంగా "నువ్వు ఒక్కదానివే కట్టావా ఇది, కూలిపోకుండా ఎలా నిలబెట్టావ్" కూడా వినిపించాలి. అమ్మలు అద్దం ముందు నిలబడి "ఛీ ఎంత లావైపోయానో" అనేది కూడా ఆపుకోవాలి, పక్కన ఉన్న పిల్ల అన్నీ వింటుంది. మగపిల్లాడి విషయంలో లెక్చర్ ఏం పనిచేయదు, టీవీలో వార్తలు చదివే ఆవిడ గురించి నాన్న ఏమంటాడో వాడు అదే నేర్చుకుంటాడు.

చివరిగా ఫ్రెండ్స్ గ్రూపులు. ఎవరో ఒకడు ఒక ఫొటో పడేస్తాడు, కింద మార్కులు మొదలవుతాయి, పదికి ఆరు, పదికి ఎనిమిది. అక్కడ ఉపన్యాసం ఇస్తే మిమ్మల్ని ఆడుకుంటారు, పైగా ఎవరూ మారరు. నవ్వు ఎమోజీ పెట్టడం మానేయండి ముందు, ఆ నవ్వు మీదే అది నడుస్తుంది. తర్వాత "ఎవరు రా ఈవిడ, ఏం చేస్తుంటారు?" అని మామూలుగా అడగండి. సగం సార్లు ఎవరికీ తెలియదు, టాపిక్ అక్కడే చచ్చిపోతుంది. తెలిసినవాళ్లు ఉంటే మాత్రం ఇంకో రకంగా ఉంటుంది, "మా అక్క వాళ్ల ఆఫీస్ రా, మొత్తం అకౌంట్స్ ఆవిడే చూస్తుంది, చాలా స్ట్రిక్ట్ అంట" అని ఒకడు అంటాడు, ఇక మార్కులు వేసినోడు ఆ మెసేజ్ డిలీట్ చేసుకుంటాడు. అప్పటికీ ఆపకపోతే "నాకిది నచ్చట్లేదు" అని ఒక్క లైన్ రాసి ఊరుకోండి, వివరణ అక్కర్లేదు. పర్సనల్‌గా తెలిసిన అమ్మాయి ఫొటో అయితే మాత్రం ఊరుకోవడం కుదరదు, పెట్టినవాడికి విడిగా ఫోన్ చేసి తీసేయమని చెప్పండి, గ్రూపులో పరువు తీస్తే పంతానికి పోతాడు, విడిగా చెప్తే తీసేస్తాడు.